ఏడో ఏటి గుడ్డ

ఈ పరాయి దేశంలో ముసలివాళ్ళని చూసుకునే మా నర్సింగ్ హోమ్‌లో ఎవరు చేరినా మొదటి రోజే ఒక ఫారం నింపాలి. ఏం తింటారు, ఎన్నింటికి పడుకుంటారు, వినికిడి మెషీన్ ఏ చెవికి, మతం ఏమిటి, చనిపోయాక ఏం చేయాలి, అన్నీ అందులో ఉంటాయి. మతం దగ్గర దాదాపు అందరికీ క్యాథలిక్ అనే ఉంటుంది. పన్నెండో నంబరు గదిలో చేరిన ఆవిడ మాత్రం పేగన్, అంటే క్రీస్తుకి ముందటి పాత దేవతల్ని కొలిచే మనిషి, అని రాయించుకుంది. ఆ ఫారం రాసింది నేనే. స్టాఫ్ రూమ్‌లో ఆ సంగతి చెప్పుకుని రెండు రోజులు నవ్వుకున్నారు. నేనూ నవ్వాను. నలుగురితో పాటు నవ్వకపోతే ఎలా?

ఆవిడకి అప్పటికి ఎనభై ఐదు నిండాయి. చిన్నపిల్లల బడిలో టీచరుగా చేసి రిటైరైంది. పెళ్ళి చేసుకోలేదు. చర్చికి వెళ్ళడం మానేసి నలభై ఏళ్ళు దాటిందట. ఎందుకు మానేశారని అడిగితే, "వాళ్ళ వంతు అయిపోయింది" అని ఊరుకుంది. పోర్ట్‌లీష్ అనే మా ఊరి చుట్టుపక్కల వాళ్ళు ఓ పదిమంది ఏడాదికి ఎనిమిది పండగలకి కొండెక్కి మంట వేసుకునేవారట. ఆ పదిమందిలో ఆవిడతో కలిపి ముగ్గురు మిగిలారు.

ఆవిడ లెక్కలో సంవత్సరం జనవరిలో మొదలవదు. చీకట్లు ముదిరే నవంబర్లో మొదలవుతుంది. ఆ పండగని సావిన్ అంటారు. ఆ సాయంత్రం పోయినవాళ్ళ కోసం బల్ల దగ్గర ఒక కుర్చీ, ఒక ప్లేటు ఉంచాలి. ఫిబ్రవరి ఒకటి బ్రిజిడ్ వచ్చే రోజు. క్యాథలిక్కులకి ఆమె పునీతురాలు, ఈవిడకి దేవత. ఏప్రిల్ ఆఖరి సాయంత్రం గడపలో పసుపు పచ్చని పూలు పరచాలి. ఆగస్టులో కొండ మీద నల్లటి చిన్న పళ్ళు ఏరుకుని అక్కడే తినాలి. ఉదయం ఒళ్ళు తుడుస్తున్నప్పుడు, తల దువ్వుతున్నప్పుడు ఇవన్నీ చెప్పేది. మాది గుంటూరు వైపు. తాతల కాలంలోనే పోలేరమ్మ కొలుపులు వదిలేసి బాప్తిస్మం తీసుకున్న కుటుంబం. ఇలాంటి మాటలు చెవిన పడనివ్వకూడదని పెంచారు నన్ను. అయినా వినేదాన్ని. వినడం బాగుండేది.

ఒక రోజు మాటల్లో మాటగా మా పాప ఉబ్బసం గురించి చెప్పాను. దాని దిండు కింద ఒక చేతిరుమాలు ఉంటుందని కూడా చెప్పాను. మా ఊళ్ళో పెద్ద కూటాలు జరిగినప్పుడు ఒక దైవజనుడు ప్రార్థన చేసి ఇచ్చిన రుమాలు అది. మా అమ్మ తీసుకుని, పచ్చళ్ళతో పాటు పార్సిల్లో పంపింది. ఆవిడ శ్రద్ధగా విన్నది.

"దాన్ని ఉతుకుతావా?" అని అడిగింది.

"లేదండీ. ఉతక్కూడదు."

"మరింకేం," అంది. బల్ల సొరుగు తీయమంది.

సొరుగులో టిష్యూ కాగితంలో చుట్టిన తెల్లటి నార గుడ్డ ఉంది. తువాలులో సగం ఉంటుందేమో, అంచులు పసుపు రంగుకి తిరిగాయి. జనవరి ఆఖరి రోజున పొద్దు గుంకే ముందు దాన్ని ఆరుబయట పొద మీద పరచాలి. ఆ రాత్రి బ్రిజిడ్ ఆ దారిన పోతూ తాకుతుంది. తెల్లారి సూర్యుడు రాకముందే మంచుతో సహా లోపలికి తెచ్చుకోవాలి. తర్వాత ఉతక్కూడదు. తలనొప్పి వస్తే నుదుటి మీద వేసుకోవచ్చు. ఏటేటా దాని బలం పెరుగుతుంది, ఏడో ఏటికి నిండుతుంది. మధ్యలో ఒక్క ఏడు తప్పినా మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టాలి. వాళ్ళమ్మ ఏడేళ్ళు నిండిన గుడ్డ నుదుటి మీద ఉండగా పోయిందట, నిద్రపోయినట్టు పోయిందట. ఈవిడ గుడ్డకి ఆరేళ్ళు నిండాయి.

"వచ్చే ఫిబ్రవరితో ఏడు. ఆ తర్వాత నాకు భయం లేదు," అంది.

ఫారం ఆఖరి పేజీలో నేను రాసిన వాక్యానికి అప్పుడు అర్థం తెలిసింది. చనిపోయాక ముఖం కడగాలి, నుదుటి మీద గుడ్డ ఉంచాలి. మా హోమ్‌లో పాతిక మంది పనిచేస్తాం. ఆ గుడ్డ సంగతి ఆవిడ నాకే చెప్పింది, నాకూ ఒక రుమాలుంది కాబట్టి.

ఇప్పుడు మా సహవాసం, అంటే ఇక్కడి తెలుగు క్రైస్తవుల సంఘం గురించి చెప్పాలి. మా ఆయన గాల్వే నగరంలో మెడికల్ డివైస్ ప్లాంటులో పనిచేస్తాడు. అక్కడి రెంట్లకి కుటుంబం పెట్టలేక గదిలో ఉంటాడు, శనివారం వస్తాడు. నా షిఫ్టు పొద్దున ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా. ఎనిమిదేళ్ళ పాపని బడి నుంచి తెచ్చి, అన్నం పెట్టి, నేను వచ్చేదాకా చూసుకునేది మా సహవాసంలోని ఒక ఆంటీ. డబ్బు తీసుకునేది కాదు. ఆదివారం అద్దె హాల్లో ఆరాధన జరిగితే పాటలు నడిపించేది నేను. ఈ దేశంలో నాకు పుట్టిల్లూ అత్తిల్లూ ఆ నలభై మందే. వాళ్ళు చెయ్యి వదిలేస్తే నా ఉద్యోగం కూడా ఉండదు.

ఆ నవంబర్లో ఆవిడ అడిగిందని డైనింగ్ హాల్లో ఖాళీ కుర్చీ ముందు ప్లేటు పెట్టాను. అందులో ఒక యాపిలు, ఒక బ్రెడ్డు ముక్క. నిజం కొవ్వొత్తులు వెలిగించనివ్వరు కాబట్టి బ్యాటరీ కొవ్వొత్తి నొక్కాను. అది ఫోటో తీసి హోమ్ వాళ్ళ పేజీలో పెట్టారు. మర్నాటికి అది మా వాట్సాప్ గ్రూపులో ఉంది. పంపింది ఆంటీయే. కింద రెండు చేతులు జోడించిన బొమ్మ, ఇంకేం రాయలేదు.

పాస్టరుగారు మా ఇంటికి వచ్చి ప్రార్థన చేశారు. కళ్ళు తెరిచాక మెల్లగా అడిగారు, "పిశాచాలకి భోజనం వడ్డించావా తల్లీ?"

"పనిలో భాగమండీ, వాళ్ళు అడిగితే చేయాలి," అన్నాను.

"ప్రభువుని ఎరగనని బొంకిన రాత్రి పేతురుగారు కూడా ఊరికే చలి కాచుకుంటున్నాననే అనుకున్నాడమ్మా," అన్నారు.

ఆ ఆదివారం మైకు ఇంకో అమ్మాయి చేతిలో ఉంది. నన్ను ఎవరూ ఏమీ అనలేదు. పలకరింపులు కూడా అలాగే ఉన్నాయి, వందనాలు సిస్టర్, వందనాలు. సోమవారం ఆంటీ ఫోన్ చేసింది. "మోకాళ్ళు బాగా నొప్పిగా ఉంటన్నయ్యమ్మా, జీపీ డాక్టరు రెస్టు తీసుకోమన్నాడు. పాపని కొన్నాళ్ళు ఎక్కడన్నా చూసుకోకూడదూ?" అంది. మూడు నెలలు ఆ పిల్లని ఎక్కడెక్కడ దింపానో, ఎవరెవరి కాళ్ళు పట్టుకున్నానో నాకే తెలుసు. ఓ వారం గంటకి పన్నెండు యూరోలిచ్చి ముక్కూ మొహం తెలియని మనిషి ఇంట్లో కూర్చోబెట్టాను. దగ్గుతూ కూర్చునేది అక్కడ.

ఈలోగా ఫిబ్రవరి దగ్గరపడింది. బ్రిజిడ్ పేరు మీద ఇక్కడ ఆ నెల మొదటి సోమవారం సెలవిస్తారు. మిగతా తెలుగువాళ్ళంతా లాంగ్ వీకెండని ఎండ కోసం దూరపు దీవి టెనెరీఫ్‌కి టికెట్లు తీసుకుంటారు. మా పాస్టరుగారు ఆ రోజు ఉపవాస ప్రార్థన పెట్టారు. దేశం దేశమంతా విగ్రహానికి సెలవు తీసుకుంటుంటే మనం మోకాళ్ళ మీద ఉందామన్నారు. ముందు ఆదివారమంతా దాని మీదే వాక్యం. చెప్తున్నంతసేపూ నా వైపు చూడలేదు. చూడకపోవడం కూడా ఒక చూపే.

జనవరి ఆఖరి రోజు నాకు డ్యూటీ ఉంది, మర్నాడూ ఉంది. ఆవిడ నా డ్యూటీ షీటు ముందే కనుక్కుని పెట్టుకుంది. మోకాళ్ళు పట్టేసి మంచం దిగలేదు. సాయంత్రం టీ సమయంలో గుడ్డ నా చేతికిచ్చి, కార్ పార్క్ వెనకాల ముళ్ళ పొద మీద పరచమంది. గాలికి ఎగిరిపోకుండా ఎలా కొమ్మకి గుచ్చాలో కూడా చూపించింది. పెళ్ళికి తయారవుతున్న పిల్ల ఉత్సాహం ముఖంలో.

గుడ్డ తీసుకుని పొద దాకా వెళ్ళాను. ఇంకా వెలుతురుంది. అక్కడ నిలబడి కార్లన్నీ చూశాను. ఎవరైనా ఫోన్ పట్టుకుని ఉన్నారా అని కిటికీలన్నీ చూశాను. దేవుడు గుర్తొచ్చి ఆగానంటే బాగుంటుంది గానీ నాకు గుర్తొచ్చింది వాట్సాప్ గ్రూపు. గుడ్డని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, నా లాకర్లో పడేసి తాళం వేశాను.

తెల్లారి షిఫ్టుకి రాగానే స్టాఫ్ రూమ్ ట్యాపు కింద దాన్ని తడిపి పిండాను. మరీ పిండితే అనుమానం వస్తుందని మళ్ళీ కొంచెం నీళ్ళు చిలకరించాను. కార్ పార్క్ అంచున నాలుగు గడ్డి పరకలు తెంపి గుడ్డకి అంటించాను. అబద్ధం ఆడితే అతికినట్టు ఉండాలంటారు కదా, నేను అతికించే ఆడాను. బయట ఇంకా సూర్యుడు రాలేదు. ఆవిడ మంచం మీద కూర్చుని తలుపు వైపే చూస్తోంది. గుడ్డ అందుకుని రెండు చేతులతో ముఖానికి అద్దుకుంది. ఒక గడ్డి పరక బుగ్గకి అంటుకుంటే తీసి, పుస్తకం పేజీల్లో పెట్టుకుంది.

"ఏడు," అంది. నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. "చలిలో నా కోసం వెళ్ళావు, పెట్."

పెట్ అంటే ఇక్కడ మన బంగారుతల్లి లాంటి మాట. నేను టీ తెస్తానని బయటికి వచ్చేశాను.

ఇంతటితో ఆగి ఉంటే అది నాకూ దేవుడికీ మధ్యే ఉండేది. సోమవారం ఉపవాస ప్రార్థనలో పాస్టరుగారు సాక్ష్యాలు ఎవరైనా చెప్తారా అన్నారు. నేను లేచాను. ఆలోచించి లేవలేదు అనను, మూడు రోజులుగా ఆలోచిస్తున్నాను. విగ్రహానికి గుడ్డ పరచమని ఒక ముసలావిడ నన్ను శోధించిందని మొదలుపెట్టాను. లాకరు సంగతి చెప్పాను, ట్యాపు సంగతి చెప్పాను. "గుడ్డ ముఖానికి అద్దుకుని ఆవిడ మురిసిపోయిందండీ. వాళ్ళ దేవత పేరేంటో నాకు తెలీదు గానీ ఆ రోజు వచ్చింది మాత్రం స్టాఫ్ రూమ్ ట్యాపు," అన్నాను. హాలంతా గొల్లుమంది. ఆకలి మీదున్న జనం అంత గట్టిగా నవ్వుతారని నాకు తెలియదు. గడ్డి పరకల దగ్గర ఇంకా నవ్వారు. ఆ నవ్వు నాకు ఎంత హాయిగా ఉందో ఇప్పటికీ గుర్తుంది, అదే నన్ను చంపుతుంది. ప్రైజ్ ద లార్డ్ అన్నారు, చప్పట్లు కొట్టారు. తన రుమాలు ఉతకని మనిషి ఇంకొకరి గుడ్డని వెక్కిరిస్తోందని ఆ నలభై మందిలో ఒక్కరికీ తట్టలేదు. అక్కడున్న సగం ఇళ్ళల్లో అలాంటి రుమాళ్ళున్నాయి. గురివింద గింజ తన కింద నలుపెరగదంటారు. మేం ఒక హాలుకి సరిపడా గురివింద గింజలం.

తర్వాతి ఆదివారం మైకు నా చేతికొచ్చింది. ఆంటీ మోకాళ్ళ నొప్పి ఆ వారంలోనే తగ్గిపోయింది. స్వస్థత అంటే అదే కాబోలు.

మా సహవాసం వాళ్ళు సాక్ష్యాలన్నీ యూట్యూబ్‌లో పెడతారు. మా హోమ్ పై అంతస్తులో ఒక వరంగల్ అమ్మాయి నర్సుగా చేస్తుంది. ఏ సహవాసానికీ రాదు. మార్చి మొదట్లో లంచ్ బ్రేక్‌లో నా ఎదురుగా వచ్చి కూర్చుంది.

"అక్కా, మీ వీడియో చూసిన. మేనేజర్‌కు చెప్తున్న. మీకు ముందుగాల్నే చెప్తున్న, ఎనకంగ చెప్పిందని అనుకోవద్దు."

"నీకేం పోయింది? ఆవిడకి ఏం నష్టం జరిగింది?" అన్నాను.

"ఆమెకు ఏం నష్టమైందో ఆమె చెప్పాలె గని మీరు గాదు. రేపు మీ అమ్మకు మీరు పంపిన మందుల డబ్బాల ఉత్త గోళీలు పోసి ఇస్తే ఊకుంటరా?"

ఆ పిల్లని నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను ఆ వారమంతా. తోటి తెలుగుదాన్నే ముంచిందని అందరికీ చెప్పాను. ఇప్పుడు తిట్టుకోవడానికి మాట దొరకదు.

మేనేజరు నన్ను పిలిచి వార్నింగ్ లెటర్ ఇచ్చింది. గొంతు పెంచలేదు. ఎవరి దేవుడు ఎవరనేది తన పని కాదంది. మంచం దిగలేని మనిషి నమ్మి ఒక పని చెప్తే, చేసినట్టు నటిస్తే మాత్రం అది తను పట్టించుకోవాల్సిన పనే అంది. ఆవిడకి చెప్పక తప్పదంది, ఆ మధ్యాహ్నమే వెళ్ళి చెప్పింది. నేను కారిడార్‌లో నిలబడ్డాను. మేనేజరు బయటికొచ్చి, ఆవిడ పిలుస్తోంది వెళ్ళమంది.

ఆవిడ కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

"గడ్డి పరకలు కూడా నువ్వే పెట్టావా?"

"అవునండీ."

ఒళ్ళో దుప్పటి అంచు సరిచేసుకుంది. తర్వాత అంది, "చేయనని చెప్తే సరిపోయేది. గదులు తుడిచే అమ్మాయిని అడిగేదాన్ని."

వద్దని ఒక్క మాట చెప్తే మా సంఘమూ ఏమీ అనేది కాదు, ఆవిడా ఏమీ అనేది కాదు. రెండు వైపులా మంచిదాన్ననిపించుకోవాలన్న ఆశ నాది.

"వచ్చే ఏడాది నేనే పరుస్తాను, తెల్లారేదాకా అక్కడే కాపలా ఉంటాను," అన్నాను. ఏడుస్తూనే అన్నాను.

"వచ్చే ఏడాది ఒకటి అవుతుంది," అంది. "నాకు ఎనభై ఆరు."

క్షమించమన్నాను. ఆవిడ నా వైపు తిరిగి, మర్యాదగా నవ్వి, "యూ ఆర్ గ్రాండ్," అంది. బస్సులో కాలు తొక్కినా, దుకాణంలో చిల్లర తక్కువిచ్చినా ఈ దేశంలో ఆ మాటే అంటారు. ఫరవాలేదులే అని ముక్కూ మొహం తెలియనివాళ్ళకి చెప్పే మాట. మర్నాటి నుంచి ఆ గదికి ఇంకొకరిని వేశారు. ఆవిడ ఫిర్యాదు రాయలేదు, వేరే మనిషి కావాలని మాత్రం అడిగింది.

లెటర్ సంగతి ఆంటీకి చెప్తే నిట్టూర్చింది. "సాక్ష్యం అంటే దేవుడు చేసింది చెప్పాలి గానీ ఉద్యోగంలో సంగతులు బయటపెట్టుకుంటారటమ్మా? నీదే పొరపాటు," అంది. పాస్టరుగారు వీడియో తీయించేశారు. సంఘానికి చెడ్డపేరు రాకూడదు కదా. గొల్లుమని నవ్విన నలభై మందిలో ఒక్కరూ నవ్వామని ఒప్పుకోలేదు.

ఏప్రిల్ ఆఖరి సాయంత్రం షిఫ్టు మధ్యలో రోడ్డు పక్కకి వెళ్ళి ముళ్ళ చెట్ల పసుపు పూలు కోశాను. వేళ్ళన్నీ గీసుకుపోయాయి. పన్నెండో నంబరు గది గడపలో వరసగా పరిచాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే, తెలుసు. ఈసారి ఎవరు ఫోటో తీసినా ఫరవాలేదనుకున్నాను, ఎవరూ తీయలేదు. కాసేపటికి లోపల నుంచి ఆవిడ గొంతు వినిపించింది. ఎవరు పెట్టారని అడిగింది. తుడిచే అమ్మాయి నా పేరు చెప్పింది.

"తీసెయ్, పెట్," అంది ఆవిడ ఆ అమ్మాయితో.

నవంబర్ దాకా కూడా ఆగలేదు. అక్టోబర్లో ఒక మధ్యాహ్నం పోయింది. నిద్రపోయినట్టు పోలేదు, రెండు రోజులు ఊపిరి కోసం కొట్టుకులాడింది. ఎవరి చెయ్యి దొరికితే వాళ్ళ చెయ్యి గట్టిగా పట్టుకుందట. ఆ రెండు రోజులూ నేను అదే కారిడార్‌లో భోజనాల ట్రాలీ తోస్తున్నాను, ఆ గదిలోకి వెళ్ళే హక్కు లేదు. ఆవిడ పోయిన మధ్యాహ్నం మనుషులు తక్కువై, శరీరాన్ని సిద్ధం చేయడానికి వరంగల్ అమ్మాయితో పాటు నన్ను పంపారు. అభ్యంతరం చెప్పేవాళ్ళు ఇక లేరు కదా.

ఇద్దరం కలిసి ఒళ్ళు తుడిచాం, బట్టలు మార్చాం. దుప్పటి కోసం ఆ అమ్మాయి సొరుగు లాగింది. దిండు గలీబుల మధ్య ఆ గుడ్డ ఉంది. తెల్లగా, ఇస్త్రీ మడతలతో ఉంది. మూలన పన్నెండు అని లేబులు అంటించి ఉంది. లాండ్రీకి వెళ్ళి వచ్చిన ప్రతి బట్టకీ మేం అంటించే లేబులే. మార్చిలోనే ఆవిడ తన చేత్తో మాసిన బట్టల సంచిలో వేసిందని ఆ వారం డ్యూటీ చేసినామె తర్వాత చెప్పింది.

"ఇదేనా అక్కా?" అంది.

"ఇదే."

"పెడ్దామా?"

ఫారం తీసి ఆఖరి పేజీ చూపించాను. ముఖం కడగాలి అన్న నా రాత అలాగే ఉంది. నుదుటి మీద గుడ్డ అన్న మాటలు ఒక్క గీతతో కొట్టేసి ఉన్నాయి. పక్కన వణుకుతున్న అక్షరాలతో ఆవిడ సంతకం.

గుడ్డని మళ్ళీ సొరుగులో పెట్టేశాను. గోరువెచ్చని నీళ్ళు తెచ్చి ముఖం కడిగాను, జుట్టు వెనక్కి దువ్వాను. నుదుటిని పొడి తువాలుతో తుడిచి, ఏమీ కప్పకుండా వదిలేశాను.